పిడుగు నుంచి భవనానికి రక్షణ: కడ్డీ పని ఎంతవరకు, మిగతా పని ఎవరిది

ఏటా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే చాలు, తెలుగు రాష్ట్రాల్లో ఫోన్లకు పిడుగు హెచ్చరికలు రావడం మొదలవుతుంది. 2018 ఏప్రిల్‌లో ఒకే రోజు, 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ అప్పట్లో ప్రకటించింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. మృతుల్లో ఎక్కువమంది పొలాల్లోనో చెట్ల కిందనో ఆరుబయట ఉన్నవారే అయినా, ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ పట్టణాల్లో అపార్ట్‌మెంట్ సంఘాలు, పాఠశాలలు, మిల్లుల యాజమాన్యాలు తమ భవనం సంగతి ఏమిటని ఆరా తీయడం మామూలైంది.

ఆరా తీసినవారికి సాధారణంగా రెండు రకాల కొటేషన్లు వస్తాయి. మొదటిదాంట్లో టెర్రస్ మధ్యలో ఐదు మీటర్ల గొట్టం, దాని కొసన మెరిసే స్టీలు తల, అక్కడి నుంచి కిందికి ఒకే ఒక కేబుల్ ఉంటాయి. చుట్టూ 97 మీటర్ల వరకు రక్షణ ఉంటుందని రాసి ఉంటుంది. రెండోదాంట్లో పిట్టగోడ వెంబడి లోహపు పట్టీలు, టెర్రస్ మీద అడ్డంగా నిలువుగా మరికొన్ని, గోడల వెంట ఏడుచోట్ల కిందికి దిగే పట్టీలు, భవనం చుట్టూ నేలలో పాతిన మరో పట్టీ ఉంటాయి. అయ్యే ఖర్చు మొదటిదానికి ఎన్నో రెట్లు. ఇద్దరూ ఏదో ఒక ప్రమాణం పేరు చెబుతారు. ఈ రెండు కాగితాల మధ్య ఉన్న తేడా అర్థం కావాలంటే, పైన కనిపించే కడ్డీని కాసేపు పక్కన పెట్టి మొత్తం ఏర్పాటును చూడాలి.

మూడు వేర్వేరు పరికరాలు, ఒకే పేరుతో పిలుపు

వాడుకలో అన్నింటినీ లైట్నింగ్ అరెస్టర్ అనేస్తున్నారు గానీ, ఆ మాట ఇంజినీర్లు వాడేది విద్యుత్ సబ్‌స్టేషన్లలో, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర తీగల మీద వచ్చే అధిక వోల్టేజిని భూమికి మళ్లించే పరికరానికి. భవనాన్ని కాపాడేది లైట్నింగ్ కండక్టర్ వ్యవస్థ. ఇందులో మూడు భాగాలుంటాయి: పిడుగును అందుకునే పై భాగం, విద్యుత్తును కిందికి దింపే డౌన్ కండక్టర్లు, దాన్ని నేలలోకి పంచే ఎర్తింగ్. ఇక మూడోది, తీగల వెంట ఒక్కసారిగా ఎగసివచ్చే వోల్టేజిని (సర్జ్) అడ్డుకునే సర్జ్ ప్రొటెక్షన్ డివైస్. ఇది మెయిన్ స్విచ్‌బోర్డులో ఉంటూ టీవీ, లిఫ్ట్ కంట్రోలర్, మోటారు స్టార్టర్ వంటివాటిని కాపాడుతుంది.

మొదటిదాని సంగతి విద్యుత్ సంస్థ చూసుకుంటుంది. మిగతా రెండూ భవన యజమాని బాధ్యత. పైన కడ్డీ ఉన్నా పిడుగు పడగానే నాలుగు ఫ్లాట్లలో టీవీలు కాలిపోయాయని ఫిర్యాదు చేసేవారు చాలామంది ఉంటారు. కడ్డీ విఫలమైనందువల్ల అవి కాలలేదు, తీగల మీద వచ్చే సర్జ్‌ను ఆపడం అసలు కడ్డీ పనే కాదు. అర కిలోమీటరు దూరంలో స్తంభం మీద పడిన పిడుగు కూడా తీగ వెంట ఇంట్లోకి వస్తుంది.

పిడుగు తన చోటును చివరి క్షణంలో ఎంచుకుంటుంది

మేఘం లోపల మంచు స్ఫటికాలు, వాటికంటే బరువైన మంచు గుళికలు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల ఆవేశాలు విడిపోయి, సాధారణంగా మేఘం అడుగు భాగంలో రుణావేశం పోగవుతుంది. అక్కడి నుంచి ఒక వాహక మార్గం, దీన్ని లీడర్ అంటారు, సుమారు 50 మీటర్ల చొప్పున అంచెలంచెలుగా నేల వైపు దిగుతుంది. కిలోమీటర్ల కొద్దీ దిగుతున్నప్పుడు దానికి కింద గుడి ఉందా, గొడ్ల పాక ఉందా అన్నదానితో పని లేదు. నేలకు కొన్ని పదుల మీటర్ల దూరంలోకి వచ్చినప్పుడే కింద ఉన్న ఎత్తయిన వస్తువుల కొసల నుంచి, చెట్టు కావచ్చు, పిట్టగోడ మూల కావచ్చు, నిలబడిన మనిషి తల కావచ్చు, పైకి ఎదురు లీడర్లు లేస్తాయి. వాటిలో ఏది ముందుగా కలుస్తుందో అక్కడే పిడుగు పడుతుంది. కలిసిన మరుక్షణం ప్రవహించే కరెంటు సగటు పిడుగులో 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. అరుదుగా 2,00,000 ఆంపియర్లు కూడా దాటుతుంది. ఆ మార్గంలోని గాలి వేడి దాదాపు 30,000 డిగ్రీలకు చేరి ఒక్కసారిగా వ్యాకోచించడమే మనం వినే ఉరుము.

పై వర్ణన నుంచి ఇంజినీర్లు ఒక చక్కటి జ్యామితి పద్ధతిని తయారుచేసుకున్నారు. లీడర్ కొస చుట్టూ కొంత వ్యాసార్ధం ఉన్న ఊహా గోళాన్ని తీసుకుని, దాన్ని నేల మీదా భవనం మీదా అన్ని వైపుల నుంచీ దొర్లిస్తారు. గోళం తాకే ప్రతి చోటా పిడుగు పడవచ్చు. తాకలేని చోటు రక్షణలో ఉన్నట్టు. కరెంటు ఎక్కువైన పిడుగుకు గోళం పెద్దది, తక్కువైనదానికి చిన్నది. గోళం చిన్నదయ్యేకొద్దీ సందుల్లోకి దూరుతుంది కాబట్టి, చిన్న పిడుగులను కూడా పట్టుకోవాలంటే కడ్డీలు, పట్టీలు దగ్గర దగ్గరగా ఉండాలి. ఐఈసీ 62305 అనే అంతర్జాతీయ ప్రమాణం, దాన్నే మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) యథాతథంగా స్వీకరించి ఐఎస్/ఐఈసీ 62305గా ప్రచురించింది, ఈ లెక్క మీదే నాలుగు రక్షణ స్థాయులను నిర్వచించింది. మొదటి స్థాయికి గోళం వ్యాసార్ధం 20 మీటర్లు, రెండోదానికి 30, మూడోదానికి 45, నాలుగోదానికి 60. మొదటి స్థాయి 3,000 ఆంపియర్ల పిడుగును కూడా అడ్డుకునేలా రూపొందుతుంది. నాలుగోది 16,000 ఆంపియర్లు, అంతకు మించినవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. అంటే అత్యుత్తమ స్థాయిలో కూడా నూటికి ఒకటో రెండో పిడుగులు తప్పించుకుపోవచ్చునని ప్రమాణమే ఒప్పుకుంటోంది. నూటికి నూరుపాళ్లు రక్షణ అని రాసిన కరపత్రం ఏ ప్రమాణం నుంచీ వచ్చింది కాదు.

అసలు మన భవనం మీద ఎన్నేళ్లకు ఒక పిడుగు

రక్షణ ఎంత కావాలో తేలాలంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు కావాలి. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఎత్తు ఉన్న ఒక అపార్ట్‌మెంటును తీసుకుందాం. ప్రమాణం ప్రకారం భవనం తన ఎత్తుకు మూడు రెట్ల దూరం వరకు నాలుగు వైపుల నుంచీ పిడుగులను తన మీదికి లాక్కుంటుంది. భవనం అడుగు విస్తీర్ణం 600 చదరపు మీటర్లే అయినా, ఈ లెక్కన దాని సేకరణ విస్తీర్ణం దాదాపు 11,460 చదరపు మీటర్లు అవుతుంది. ఆ ప్రాంతంలో ఏడాదికి చదరపు కిలోమీటరుకు 5 పిడుగులు నేలకు చేరతాయని లెక్క కోసం అనుకుంటే, ఏడాదికి 0.057 పిడుగులు, అంటే సుమారు 17 ఏళ్లకు ఒకటి పడుతుంది. చుట్టూ అంతకంటే ఎత్తయిన కట్టడాలుంటే ఈ సంఖ్యను నాలుగో వంతుకు తగ్గిస్తారు. అప్పుడు 70 ఏళ్లకు ఒకటి.

ఇప్పుడు అదే అడుగు కొలతలతో 60 మీటర్ల టవర్ కట్టారనుకుందాం. ఎత్తు నాలుగు రెట్లే పెరిగింది. సేకరణ విస్తీర్ణం మాత్రం 1,20,000 చదరపు మీటర్లు దాటి పదింతలకు మించింది. సుమారు 20 నెలలకు ఒక పిడుగు. కోకాపేటలోనో విశాఖ తీరంలోనో లేస్తున్న ఆకాశహర్మ్యాలకూ, పాత బస్తీలోని రెండంతస్తుల ఇంటికీ ఒకే సలహా ఎందుకు చెల్లదో ఈ రెండు సంఖ్యలు చెబుతాయి. పైగా 60 మీటర్లు దాటిన కట్టడాలకు పిడుగు నెత్తి మీదే పడాలని లేదు, పక్క గోడ మీద కూడా పడవచ్చు కాబట్టి, పైనుంచి 20 శాతం ఎత్తు వరకు గోడలకూ రక్షణ ఉండాలని ప్రమాణం కోరుతుంది.

97 మీటర్లా, 21 మీటర్లా, 4 మీటర్లా

మొదటి కొటేషన్‌లోని మెరిసే తలను ఎర్లీ స్ట్రీమర్ ఎమిషన్ పరికరం, సంక్షిప్తంగా ఈఎస్ఈ అంటారు. మామూలు కడ్డీ కంటే కొన్ని పదుల మైక్రోసెకన్ల (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు) ముందే ఇది తన ఎదురు లీడర్‌ను పైకి పంపుతుందని, ఆ ముందంజ వల్ల ఎక్కువ దూరంలోని పిడుగును అందుకుంటుందని తయారీదారుల వాదన. ఎన్‌ఎఫ్ సీ 17-102 అనే ఫ్రెంచి ప్రమాణం ఈ వాదన మీదే నిర్మితమైంది. ఆ ప్రమాణం అనుమతించే గరిష్ఠ ముందంజ 60 మైక్రోసెకన్లు. లీడర్ సెకనుకు పది లక్షల మీటర్ల వేగంతో సాగుతుందని తీసుకుంటే 60 మీటర్ల అదనపు దూరం వస్తుంది. మూడో స్థాయి గోళానికి, ఐదు మీటర్ల కడ్డీకి ఆ సూత్రంలో విలువలు వేస్తే 97 మీటర్లు తేలుతుంది. కొటేషన్‌లో ఉన్న సంఖ్య గాలిలోంచి పుట్టింది కాదు.

అదే సూత్రంలో ముందంజను సున్నా చేస్తే, అంటే మామూలు కడ్డీకి లెక్క వేస్తే, 21 మీటర్లు కూడా రాదు. మిగతా 76 మీటర్లూ ఆ 60 మైక్రోసెకన్ల మీదే ఆధారపడి ఉన్నాయన్నమాట. కథ ఇక్కడితో అయిపోలేదు. ఈ 21 మీటర్ల లెక్క టెర్రస్‌ను అంతులేని మైదానంగా భావించి వేసింది. నిజానికి టెర్రస్‌కు అంచులున్నాయి. గోళం అంచు దాటి నేల దాకా దిగగలదు. 15 మీటర్ల భవనం మధ్యలో ఐదు మీటర్ల కడ్డీ నిలబెట్టి, 45 మీటర్ల గోళాన్ని నేల మీద నుంచి దొర్లిస్తూ తెచ్చి కడ్డీ కొసకు ఆనిస్తే, టెర్రస్ ఎత్తులో రక్షణ వ్యాసార్ధం దాదాపు నాలుగు మీటర్లే. కడ్డీ నుంచి మూలలు 18 మీటర్ల దూరంలో ఉన్నాయి. పిట్టగోడ మూలలే పిడుగుకు ఎక్కువగా గురవుతాయని క్షేత్రస్థాయి పరిశీలనలు చెప్పేదీ ఇందువల్లే, రెండో కొటేషన్ ఇచ్చిన ఇంజినీరు పిట్టగోడ వెంబడి పట్టీ వేయమన్నదీ ఇందువల్లే.

ఇక ఆ 60 మైక్రోసెకన్ల సంగతి. సమర్థించేవారు చెప్పేదాంట్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి: అధిక వోల్టేజి ప్రయోగశాలల్లో ఈ తలలు మామూలు కడ్డీ కంటే ముందుగా స్పందించినట్టు కొలతలున్నాయి, అనేక దేశాల్లో దశాబ్దాలుగా వేల సంఖ్యలో ఇవి బిగించి ఉన్నాయి, ఒక గుర్తింపు పొందిన జాతీయ ప్రమాణం వీటికి ఉంది, విశాలమైన ఆవరణలకు ఖర్చు తక్కువ. విమర్శకుల జవాబు ఇలా ఉంటుంది. ప్రయోగశాలలో కొన్ని మీటర్ల ఖాళీలో కొలిచిన తేడాను వందల మీటర్ల సహజ పిడుగుకు వర్తింపజేయడానికి ఆధారం లేదు. ఎదురు లీడర్ మొదట్లో సాగే వేగం సూత్రంలో తీసుకున్నదానికంటే ఎంతో తక్కువని ప్రత్యక్ష పరిశీలనల్లో తేలింది. పిడుగులు విపరీతంగా పడే మలేసియాలో, కౌలాలంపూర్ పరిసరాల్లో, ఈ తలలు బిగించిన భవనాల మూలలు వాటి ప్రకటిత పరిధిలోనే పిడుగుకు పగిలిన ఉదాహరణలను అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి ఫొటోలతో నమోదు చేశారు. అమెరికాలో ఈ పరికరాల కోసం ప్రతిపాదించిన ప్రత్యేక ప్రమాణాన్ని అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం సుదీర్ఘ వివాదం తర్వాత జారీ చేయలేదు. మన దేశంలో అమల్లో ఉన్న ఐఎస్/ఐఈసీ 62305 మూడో భాగం, కడ్డీని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు దాని నిజమైన లోహ కొలతలను మాత్రమే లెక్కించాలని అంటుంది. ఈఎస్ఈ తల అక్కడ నిషిద్ధం కాదు. మామూలు కడ్డీగా చెల్లుతుంది, అదనపు దూరం మాత్రం చెల్లదు. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి అనుసరించేదీ ఈ ప్రమాణాన్నే.

రెండు వాదనలనూ తూచినప్పుడు, భారతీయ ప్రమాణానికి కట్టుబడాల్సిన భవనానికి 97 మీటర్ల అంకె పనికిరాదన్నది స్పష్టం. అయితే మొదటి కొటేషన్‌లో అంతకంటే సూటిగా కనిపించే లోపం మరొకటి ఉంది. 2011లో సవరించిన ఆ ఫ్రెంచి ప్రమాణమే భవనానికి బిగించిన ఒక్కో తలకు కనీసం రెండు డౌన్ కండక్టర్లు ఉండాలంటోంది. ఒకే కేబుల్ వేసేవారు తాము చూపించే ప్రమాణాన్ని కూడా పాటించడం లేదు.

కొస గురించిన తగవు కొత్తది కాదు. 1752లో ఫ్రాన్స్‌లో, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన ప్రయోగం విజయవంతమైన తర్వాత కొన్నేళ్లకే, కడ్డీ కొస సూదిగా ఉండాలా మొద్దుగా ఉండాలా అన్న వాదం మొదలైంది. 1777లో ఇంగ్లండ్‌లోని పర్‌ఫ్లీట్ మందుగుండు గిడ్డంగికి సూది కొసల కడ్డీలున్నా పిడుగు దెబ్బ తగిలింది. మూడో జార్జి రాజు గుండ్రటి కొసల పక్షం వహించగా, అమెరికా తిరుగుబాటుదారుడైన ఫ్రాంక్లిన్ సూది కొసల వైపు ఉండటంతో అది రాజకీయ వివాదంగానూ మారింది. 2000లో ప్రచురితమైన న్యూ మెక్సికో కొండల మీది ప్రయోగాల్లో సూది కొసల కడ్డీలు ఒక్కటీ పిడుగును అందుకోలేదు, పక్కనే ఉన్న ఓ మోస్తరు మొద్దు కొసలు అందుకున్నాయి. రాజుగారి పక్షం రెండు శతాబ్దాల తర్వాత కొంత గెలిచిందనాలి, కారణాలు ఆయన ఊహించినవి కాకపోయినా.

కిందికి దిగే దారిలో వచ్చే చిక్కు

పిడుగును అందుకోవడం సులభమైన భాగం. దాన్ని ఎవరినీ తాకకుండా కిందికి దింపడమే కష్టం. రాగి పట్టీకి నిరోధం అతి తక్కువ కదా, కరెంటు దాని వెంటే పోతుందిలే అనుకోవడం సహజం. ఇంట్లోని కరెంటుకైతే అది నిజమే. పిడుగు కరెంటు మాత్రం కొన్ని మైక్రోసెకన్లలో సున్నా నుంచి వేల ఆంపియర్లకు ఎగబాకుతుంది. అంత వేగంగా మారే కరెంటును అడ్డుకునేది నిరోధం కాదు, ప్రేరకత్వం. మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ చొప్పున, 15 మీటర్ల పట్టీకి 15 మైక్రోహెన్రీలు. కరెంటు మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్ల చొప్పున పెరుగుతుంటే, పట్టీ పై కొసకూ కింది కొసకూ మధ్య 1,50,000 వోల్టుల తేడా పుడుతుంది. పట్టీని మందంగా చేసినంత మాత్రాన ఇది పెద్దగా తగ్గదు.

పైన అంత వోల్టేజి ఉన్న పట్టీ పక్కనే గోడ లోపల నీళ్ల పైపో వైరింగో ఉంటే, కరెంటు గోడను చీల్చుకుని దాని మీదికి దూకుతుంది. దీన్ని సైడ్ ఫ్లాష్ అంటారు. చెట్టు కింద నిలబడ్డ మనిషిని చాలాసార్లు చంపేదీ ఇదే. ఒకే పట్టీ ఉన్న మన 15 మీటర్ల భవనంలో, మూడో స్థాయి రక్షణకు, పట్టీకీ ఇతర లోహాలకూ మధ్య గాలిలో 60 సెంటీమీటర్లు, ఇటుక గోడ అయితే 120 సెంటీమీటర్ల దూరం ఉండాలని ప్రమాణం లెక్క. కరెంటు పలు పట్టీల్లోకి చీలితే ఆ దూరాలు సుమారు 26, 53 సెంటీమీటర్లకు దిగుతాయి. 100 మీటర్ల చుట్టుకొలతకు 15 మీటర్లకొకటి చొప్పున ఏడు పట్టీలు వేయాలనడం వెనుక కారణమిదే. దూరం పాటించలేని చోట పైపును, గ్రిల్‌ను, సోలార్ ఫ్రేమును పట్టీతో తీగ వేసి కలిపేస్తారు. రెండూ ఒకే వోల్టేజికి లేస్తే దూకడానికి కారణం ఉండదు.

కొత్త భవనాలకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. స్తంభాల్లోని ఇనుప చువ్వలు పైనుంచి పునాది దాకా అవిచ్ఛిన్నంగా కలిసి ఉండి, మొత్తం నిరోధం 0.2 ఓమ్ దాటకపోతే, వాటినే డౌన్ కండక్టర్లుగా వాడుకోవచ్చు. పదుల సంఖ్యలో ఉండే చువ్వలు కరెంటును పంచుకున్నంత బాగా బయటి పట్టీలు పంచుకోలేవు, దొంగలు కోసుకుపోయే భయం కూడా ఉండదు. కాంక్రీటు పోయకముందే ఈ నిర్ణయం జరగాలి. అది తరచూ జరగదు.

నేల తీరు, పశువుల చావు

తీగ భూమిలోకి దిగిన తర్వాత భూమి మింగేస్తుందన్నది అర్ధసత్యం. కృష్ణా, గోదావరి డెల్టాల తడి నల్లరేగడిలోనూ, తెలంగాణలోని గ్రానైటు రాతి నేలలోనూ ఒకే ఎర్త్ రాడ్ ఒకేలా పనిచేయదు. 100 ఓమ్ మీటర్ల నిరోధకత ఉన్న నేలలో 3 మీటర్ల రాడ్డు దాదాపు 33 ఓమ్‌ల నిరోధం ఇస్తుంది. రాతి నేల నిరోధకత దానికి పదింతలైతే రాడ్డు నిరోధమూ పదింతలై 330 ఓమ్‌లు దాటుతుంది. ప్రమాణం సూచించే 10 ఓమ్‌లను రాతి నేలలో ఒక గుంటతో సాధించడం జరగని పని. ఉప్పూ బొగ్గూ నింపే పాత పద్ధతిలో కొంత తగ్గినా, ఉప్పు వానకు కరిగిపోతుంది, ఇనుమును తినేస్తుంది. బెంటొనైట్ వంటి మట్టి ఆ విషయంలో నయం. భవనం చుట్టూ పట్టీని వలయంగా పాతితే ఓమ్‌ల సంఖ్య ఎంత వచ్చినా ఇంకో ప్రయోజనం ఉంది: లోపల ఉన్న నేలంతా దాదాపు ఒకే వోల్టేజికి లేస్తుంది.

ఆ ప్రయోజనం ఎంతటిదో పొలంలో చూడవచ్చు. చెట్టు మీద పిడుగు పడి 30,000 ఆంపియర్లు 100 ఓమ్ మీటర్ల నేలలోకి పోతుంటే, చెట్టుకు 10 మీటర్ల దూరంలో మీటరు అంగలో నిలబడ్డ మనిషి రెండు పాదాల మధ్య 4,300 వోల్టుల తేడా ఉంటుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఒకటిన్నర మీటరు ఎడం ఉన్న ఆవుకు అది 6,200 వోల్టులు. మనిషికి కరెంటు కాలి నుంచి కాలికి పోతే, పశువుకు గుండె మీదుగా పోతుంది. చెట్టు కింద చేరిన మందలో గొర్రెలన్నీ ఒక్కసారే చనిపోయి, కాపరి స్పృహ తప్పి బతికిన ఘటనలకు వివరణ ఇదే. మందలో ఒక్క జీవం మీద కూడా పిడుగు నేరుగా పడి ఉండనవసరం లేదు. భవనాల్లో డౌన్ కండక్టర్ నేలలోకి దిగే చోట మూడు మీటర్ల మేర 15 సెంటీమీటర్ల మందాన కంకర పరచమని ప్రమాణం అడిగేది ఈ తేడా నుంచి మనుషులను కాపాడడానికే.

గాలిగోపురం కలశం, గట్టు మీది తాటిచెట్టు

గోపురం మీది లోహపు కలశాలు, రాగి తొడుగు ఉన్న ధ్వజస్తంభం మన పూర్వికులు పెట్టిన పిడుగు రక్షణ అన్న మాట తరచూ వినబడుతుంది. ఊళ్లో అన్నిటికంటే ఎత్తున లోహం ఉంటే పిడుగు దాన్నే అందుకునే అవకాశం ఎక్కువన్నది నిజం. కానీ కలశం కింద లోహం ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇటుక, సున్నం, రాయి. కరెంటు వాటి గుండా పోతే లోపలి తేమ క్షణంలో ఆవిరై కట్టడం పగులుతుంది. ధ్వజస్తంభానిది కాస్త మెరుగైన స్థితి, తొడుగు పైనుంచి పీఠం దాకా వస్తుంది కాబట్టి. పీఠం నుంచి నేలలోకి లోహపు దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టే మిగతాదంతా ఉంటుంది. కలశం నుంచి నేల దాకా పట్టీ దింపితే గోపురం కచ్చితంగా మంచి కండక్టర్ అవుతుంది; ఊరు మొత్తానికి మాత్రం కాదు, గోళం లెక్క గోపురానికీ అదే.

తాటిచెట్ల వాదం కూడా ఇలాంటిదే. పొలం గట్ల మీద తాటిచెట్లు ఉన్నప్పుడు పిడుగులు వాటి మీద పడేవి, కొట్టేశాక మనుషుల మీద పడుతున్నాయి అంటారు. బంగ్లాదేశ్ ఈ ఆలోచనతోనే పెద్ద ఎత్తున తాటి మొక్కలు నాటించింది, ఒడిశా కూడా లక్షల సంఖ్యలో నాటే ప్రణాళిక ప్రకటించింది. ఎత్తయిన చెట్టు చుట్టుపక్కల కొంత మేర పిడుగును తన మీదికి తీసుకుంటుందన్నది శాస్త్రానికి విరుద్ధం కాదు. అయితే మొక్క ఎత్తయిన తాటిచెట్టు కావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది, ఆ చెట్టు మొదలు దగ్గర నిలబడ్డవారికి సైడ్ ఫ్లాష్, పాదాల మధ్య వోల్టేజి రెండూ పొంచి ఉంటాయి. తాటిచెట్టు పిడుగును అందుకోగలదు గానీ దాన్ని భద్రంగా దింపలేదు. వానకు జనం చేరేది ఎప్పుడూ చెట్టు కిందికే కావడం ఈ పథకంలోని పెద్ద చిక్కు.

ఎక్కి చూసేవారి పని

ఇప్పటిదాకా చెప్పినదంతా కాగితం మీది లెక్క. వేసిన ఏర్పాటు పదేళ్ల తర్వాత కూడా అలాగే ఉందా అన్నది ఎవరో ఒకరు ఎక్కి చూస్తే తప్ప తెలియదు. చిమ్నీలు, శిఖరాలు ఎక్కి మరమ్మతులు చేసే ఈ వృత్తిని బ్రిటన్‌లో స్టీపుల్‌జాక్ అంటారు. బోల్టన్ పట్టణానికి చెందిన ఫ్రెడ్ డిబ్నా (1938–2004) టీవీ ద్వారా అక్కడ ఇంటింటికీ తెలిసిన స్టీపుల్‌జాక్. మిల్లు చిమ్నీకి నిచ్చెన మీద నిచ్చెన కట్టుకుంటూ పోవడం వాళ్ల పాత పద్ధతి. మన దగ్గర ఈ పనివాళ్లు ఎక్కువగా కనిపించేది థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో. 500 మెగావాట్లు, ఆపైన ఉన్న యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ ఉండాలన్న నిబంధన చాలాకాలం అమల్లో ఉండడంతో, సింహాద్రి వంటి చోట్ల ఆ ఎత్తు చిమ్నీలు లేచాయి. లోపలి మెట్లో బయటి నిచ్చెనో ఉన్నంతవరకు సరే. అవి అందని గోడ భాగానికి తాళ్ల మీద వేలాడే కుర్చీలో దిగాలి. చిమ్నీ నెత్తి చుట్టూ ఉండే కండక్టర్ వలయాన్ని పొగలోని ఆమ్లాలు తినేస్తాయి కాబట్టి పై కొన్ని మీటర్ల రాగికి సీసపు తొడుగు వేసే ఆనవాయితీ ఉంది. ఆ తొడుగు చెక్కుచెదరకుండా ఉందో లేదో కింద నుంచి దుర్భిణితో చూస్తే తెలిసేది కొంతే.

అపార్ట్‌మెంటులో ఎక్కడం సులభం, కనబడే లోపాలు వేరు. రంగులు వేసినవారు అడ్డొచ్చిందని పట్టీని విప్పి తిరిగి బిగించకపోవడం, కేబుల్ టీవీ వాళ్లు తమ తీగను డౌన్ కండక్టర్‌కే చుట్టడం, కడ్డీ కంటే ఎత్తున కొత్తగా నీళ్ల ట్యాంకు లేవడం, రాగినీ గాల్వనైజ్డ్ ఇనుమునూ నేరుగా కలిపిన కీలు దగ్గర ఇనుము తుప్పు పట్టి విడిపోవడం, నేల మట్టం దగ్గర రెండు మీటర్ల రాగి పట్టీ మాయం కావడం. చివరిది జరిగిన భవనం పైన కడ్డీ ఉన్నందువల్ల అసలు లేని భవనం కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది.

ఇంజినీరు ప్రతి డౌన్ కండక్టర్‌కూ ఉండే, కొలతల కోసం విప్పడానికి వీలైన కీలు అయిన టెస్ట్ లింక్‌ను విప్పి, పైభాగం అవిచ్ఛిన్నతను, ఒక్కో ఎర్త్ పిట్ (ఎర్త్ రాడ్ పాతిన గుంట) నిరోధాన్ని విడివిడిగా కొలుస్తాడు. పిట్‌లన్నీ కలిసి ఉండగా కొలిస్తే ఒకటి పూర్తిగా చెడినా మిగతావి దాన్ని దాచేస్తాయి. వానలు తగ్గిన వెంటనే తీసిన కొలత, మే నెలలో తీసిన కొలత ఒకటి కావు కాబట్టి నివేదికలో నెల కూడా రాయాలి. ఒకటో, రెండో స్థాయి రక్షణ ఉన్న భవనాలకు ఏడాదికోసారి కంటితో పరిశీలన, రెండేళ్లకోసారి పూర్తి పరీక్ష. మూడో, నాలుగో స్థాయికి ఈ గడువులు రెండేళ్లు, నాలుగేళ్లు. రెండు కొటేషన్లలో దేన్ని ఎంచుకున్నా ఈ పరీక్షల ఖర్చు అందులో కలిసి ఉండదు.